గంట మోగిందన్నారు

వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో పేర్లు మైకులో పిలుస్తారు. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, అక్కకి ఒళ్ళెందుకు మండిందో వేరే చెప్పక్కర్లేదు. వినపడనివాళ్ళు కూడా ఆ హాల్లోనే కూర్చోవాలి. గోడకి బిగించిన డబ్బాలోంచి ఎవరో జలుబు చేసిన గొంతుతో పేరు చదివితే, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాలి. లేవకపోతే "హాజరు కాలేదు" అని ఆ కాగితాన్ని కట్ట అడుక్కి తోసేస్తారు. ఈ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఆ బుర్రకో దండం.

మొదటిసారి తమ్ముణ్ణి అక్కడ కూర్చోబెట్టి అక్క తన దుకాణం తెరవడానికి వెళ్ళిపోయింది. అతను సాయంత్రం దాకా కదలకుండా కూర్చుని, ఊడ్చేవాళ్ళు వచ్చి కుర్చీలు ఎత్తేస్తుంటే లేచి ఇంటికొచ్చాడు. ఏమైందని సైగ చేస్తే రెండు చేతులూ ఖాళీగా చూపించాడు. రెండోసారి అక్క పక్కనే కూర్చుంది. మైకులో ఏం చదువుతున్నారో చెవులున్న ఆవిడకే అర్థం కాలేదు. చూసి చూసి, చివరికి లేచి వెళ్ళి గోడ మీది వైరు పీకేసింది.

"ఇప్పుడు బయటికొచ్చి, మనిషి మొహం చూసి పిలవండి," అంది.

హాల్లో ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. కిటికీ వెనక గుమస్తా మాత్రం ఆఫీసు సామాను పాడుచేసిందంటూ పోలీసుల్ని పిలుస్తానన్నాడు. పిలవలేదు లెండి. పిలవాలంటే కుర్చీలోంచి లేవాలి కదా.

తమ్ముడంటే చిన్నపిల్లాడనుకునేరు. చెవుల పక్కన జుట్టు నెరుస్తున్న మనిషి. పుట్టుకతోనే వినపడదు, అందుకని మాటా రాలేదు. అక్క అతనికన్నా కొన్నేళ్ళు పెద్దది. పాడైన జిప్పులు మార్చడం, పొడుగైన ప్యాంట్లు పొట్టి చెయ్యడం ఆవిడ వృత్తి. అసలు వృత్తి మాత్రం తమ్ముడికి నోరుగా ఉండడం. డాక్టరు దగ్గరైనా, బస్సులోనైనా, కూరగాయల బండి దగ్గరైనా, అతన్ని ఎవరేమడిగినా జవాబు ఆవిడే చెప్పేది. అతని ఉద్యోగం కూడా ఆ నోటి చలవే. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ ఓనరుని పట్టుకుని, వదలకుండా వాయించి, తమ్ముణ్ణి అందులో పెట్టించింది. పెట్టించాక మాత్రం అందులో ఆవిడ ప్రమేయం ఏమీ లేదు. అక్కడ అతని పని అతను నేర్చుకున్నాడు, అతని మనుషుల్ని అతను సంపాదించుకున్నాడు. బతుకు మొత్తంలో అక్కకి తెలిసి, ఆవిడ వెంట లేకుండా అతను తిరిగిన చోటు అదొక్కటే.

ఆ ఉద్యోగం పోయింది. అదే గొడవంతా.

లాండ్రీలో అతను పనిచేసింది రోలర్ ఇస్త్రీ మిషను దగ్గర. మంచమంత వెడల్పుంటుంది ఆ రోలరు. తడి దుప్పటి ఇటు పెడితే అటు పొడిగా, చదునుగా బయటికొస్తుంది. చెరో కొసా పట్టుకుని లోపలికి అందించడానికి ఇద్దరు కావాలి. తమ్ముడికి జతగా పనిచేసింది పిన్ని. వరసకేం పిన్ని కాదు, వయసు చూసి లాండ్రీ అంతా అలాగే పిలుస్తారు. రోజులో ఎన్నోసార్లు దుప్పటి రోలరుకి చుట్టుకుని ఇరుక్కుపోతుంది. అప్పుడు మిషను ఆపి ఒకళ్ళు చెయ్యి లోపలికి పెట్టి లాగుతారు, రెండోవాళ్ళు కాపలా కాస్తారు. అవతలి చివర గాజు గదిలో సూపర్‌వైజర్ కూర్చుంటాడు. మళ్ళీ నడిపేముందు ఆయన మీట నొక్కితే గోడ మీద గంట మోగుతుంది. గంట మోగగానే చెయ్యి తీసెయ్యాలి.

ఒకరోజు పిన్ని చెయ్యి లోపల ఉండగా రోలరు తిరిగింది. తమ్ముడు భుజం పట్టుకుని వెనక్కి లాగేశాడు కాబట్టి ఆవిడకి వేళ్ళు కాలడంతో సరిపోయింది, లేకపోతే చెయ్యే పోయేది. దానికి సూపర్‌వైజర్ ఏం రాశాడయ్యా అంటే, గంట మోగింది, కాపలా మనిషికి చెవుడు కాబట్టి వినపడలేదు, ఇలాంటివాళ్ళ వల్ల తోటివాళ్ళకి ప్రమాదం అని రాశాడు. మర్నాటి నుంచి రావద్దన్నారు. కాపాడినవాడికి దక్కిన బహుమానం అది. పిన్నికి కట్టు కట్టించి, మురికి గుడ్డలు వేరుచేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ మహాతల్లి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఓనరు మీదకన్నా, సూపర్‌వైజర్ మీదకన్నా, అక్కకి ఆవిడ మీదే ఎక్కువ మంట.

"నోరుండి ఏం లాభం? చెయ్యి కాపాడినవాడి కోసం ఒక్కసారి విప్పలేని నోరు!" అని జిప్పు మార్పించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా తిట్టేది.

ఇక తిరుగుడు మొదలైంది. కార్మిక శాఖ ఆఫీసుకెళ్తే, "ఇది చెవుడు సమస్యమ్మా, సంక్షేమం వాళ్ళని కలవండి," అన్నారు. సంక్షేమం వాళ్ళు వైరు పీకిన మనిషిని గుర్తుపట్టి మరీ, "ఇది ఉద్యోగం సమస్య, కార్మిక శాఖకెళ్ళండి," అన్నారు. ఒకచోట మనిషి స్వయంగా రావాలన్నారు. తీసుకెళ్తే, మాట్లాడలేని మనిషిని తెచ్చి మమ్మల్నేం చెయ్యమంటారన్నారు. ఎక్కడికెళ్ళినా ఒకటే తంతు, తమ్ముడి చెవిలో నోరు పెట్టి అరవడం. "నీ! పేరు! ఏంటీ!" అరిస్తే వినపడేదైతే ఇంతదాకా ఎందుకొస్తాం నాయనా? దూరపు చుట్టం ఒకాయన లాయరని తెలిసి ఆయన దగ్గరికీ వెళ్ళింది. "కేసులూ అవీ ఎందుకక్కా, ఓనరు దగ్గరికెళ్ళి కాసేపు ఏడువు, మెత్తబడతాడు," అని సలహా ఇచ్చాడు. ఆ సలహాకి ఫీజు అడగలేదు, అదే పదివేలు.

ఈలోపు తమ్ముడు ఇంట్లో ఉండి ఉండి చిక్కిపోయాడు. పొద్దున్నే లేచి పనికెళ్ళే చొక్కా తొడుక్కునేవాడు. కాసేపు మంచం మీద కూర్చుని, మళ్ళీ విప్పి మడతపెట్టేవాడు. తర్వాత దుకాణానికొచ్చి అక్క పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు అతన్ని చూసి అక్కని అడిగేవాళ్ళు, "బాగున్నాడా?" అని. బాగానే ఉన్నాడని అక్కే చెప్పేది. ఇక మిగిలిన బతుకంతా ఆ స్టూలు మీదేనని అతనికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. అక్కకి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

చివరికి దారి చూపించింది ఏ ఆఫీసూ కాదు. సంచీ కుట్టించుకోవడానికి వచ్చిన లైబ్రరీ ఉద్యోగిని ఒకామె.

"మా లైబ్రరీ వెనక గదిలో వికలాంగుల కేసులు ఉచితంగా చూసే లాయరమ్మ కూర్చుంటారండీ. మీకెవరూ చెప్పలేదా?"

"ఎవరమ్మా చెప్పేది? ఇన్ని ఆఫీసులు కాళ్ళరిగేలా తిరిగాను, ఒక్కడైనా ఆ ముక్క చెప్పి చావలేదే!"

లాయరమ్మ గది చిన్నదే కానీ తలుపు వెడల్పు, గడప లేదు. ఆవిడ చక్రాల కుర్చీలో ఉంది. అక్క కూర్చోకుండానే మొదలుపెట్టి, రోలరు దగ్గర్నుంచి మైకు వైరు దాకా ఒక్క గుక్కలో చెప్పేసింది. లాయరమ్మ ఓపిగ్గా విని, తమ్ముడి వైపు తిరిగి, "ఇప్పుడు మీరు చెప్పండి," అంది.

"వాడు చెప్పలేడమ్మా. ఇందాకా చెప్పాను కదా."

"చెప్పింది మీరు. ఆయన కాదు."

"వాడి సంగతుల్లో నాకు తెలియనిదేముందమ్మా? వాడికి నోరు నేనే!"

"ఉద్యోగం పోయింది ఆయనకి కదండీ. ఆయన నోటి నుంచే, కాదు, ఆయన చేతుల నుంచే వినాలి నేను."

అక్కకి చిర్రెత్తుకొచ్చింది. ఇన్నాళ్ళూ నోరున్న మనిషిని తీసుకురమ్మని ప్రతివాడూ తరిమాడు. ఇప్పుడు నోరున్న మనిషి ఎదురుగా నిలబడితే, మీరాగండి అంటోంది ఈవిడ. ఇదెక్కడి న్యాయమో!

లాయరమ్మ ఫోను చేస్తే ఒక అమ్మాయి వచ్చింది. బధిరుల సంఘంలో దుబాసీ. వాళ్ళ సైగల్ని మాటల్లోకి, మన మాటల్ని సైగల్లోకి మార్చి చెప్పడం ఆ అమ్మాయి పని. గదిలోకి వస్తూనే తమ్ముణ్ణి చూసి నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. ఇద్దరి చేతులూ పైకి లేచాయి. ఆ వేగానికి అక్క నోరు తెరుచుకుని చూస్తుండిపోయింది. తమ్ముడి చేతులు అంత ఆత్రంగా కదలడం ఆవిడెప్పుడూ చూడలేదు.

"మీరిద్దరూ ముందే ఎరుగుదురా?" అంది.

"ఎరక్కపోవడమేంటండీ! అన్నయ్య ప్రతి ఆదివారం మా సంఘానికొస్తాడు కదా. మా దగ్గరే ఈ భాష నేర్చుకున్నాడు."

ఆదివారాలు వాడు నడకకి వెళ్తున్నాడనుకుంటోంది అక్క. కాదని చెప్పడానికి ఇంట్లో వాళ్ళిద్దరికీ ఉన్న సైగలు చాలవు. తిను, పడుకో, తలుపెయ్యి, వద్దు, రేపు. చిన్నప్పుడు ఆడుకుంటూ పుట్టించుకున్నవి. వాటితోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చారు.

"మీ అక్కగారిని గదిలో ఉంచమంటారా, కాసేపు బయట కూర్చోమనమంటారా?" అని లాయరమ్మ అతన్ని అడిగింది. ఆ అడగడమే అక్కకి తల కొట్టేసినట్టయింది. అంతకన్నా ఘోరం, తమ్ముడు వెంటనే జవాబు చెప్పలేదు. ఆలోచించాడు! గడ్డం గోక్కుంటూ మరీ ఆలోచించాడు. చివరికి, మాట్లాడకుండా కూర్చుంటే ఉండొచ్చన్నాడు.

లాయరమ్మ ఒక్కొక్కటే అడుగుతూ వచ్చింది. రోలరు ఎక్కడ, గాజు గది ఎక్కడ, గంట ఎక్కడ. తమ్ముడు హుషారుగా చెప్పాడు. అప్పుడు ఆవిడ అడిగింది.

"పిన్నిగారికి వినపడుతుందా?"

శుభ్రంగా వినపడుతుందన్నాడు.

"మరి గంట మోగితే ఆవిడే చెయ్యి తీసెయ్యాలి కదా. ఎందుకు తియ్యలేదు?"

అక్క ఇన్నాళ్ళూ ఇన్ని గుమ్మాల్లో ఈ కథ చెప్పుకుంది. ఈ ప్రశ్న ఒక్కడూ అడగలేదు. తనకీ తట్టలేదు. చెవుడు అన్న మాట చెవిన పడగానే అందరి బుర్రా అక్కడే ఆగిపోయింది, అక్క బుర్రతో సహా.

తమ్ముడి చేతులు ఒళ్ళోకి దిగిపోయాయి. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. దుబాసీ అమ్మాయి అతని మాటల్ని అతను చెప్పినట్టే చెప్పింది.

"గంట మోగలేదు. మేం దానికి గుడ్డ కట్టాం. అది సరిగ్గా పిన్ని నెత్తిమీద ఉంటుంది. రోజంతా మోగి మోగి ఆవిడకి తలనొప్పి. ఏడ్చేది. ఓనరుకి చెప్పుకుంటే, కష్టంగా ఉంటే మానెయ్ అన్నాడు. ఒక చిరిగిన దిండు గలీబు తెచ్చి, స్టూలెక్కి ఆవిడే కట్టింది. స్టూలు నేను పట్టుకున్నాను. గంట లేకపోతే ఎలా అని ఆవిడ భయపడితే, నేను చూస్తుంటాను కదా, సూపర్‌వైజర్ చెయ్యి మీట మీదికి వెళ్ళగానే నిన్ను తడతానని సైగ చేశాను. చాలా రోజులు అలాగే జరిగింది. ఆ రోజు వెనక నుంచి ఎవరో బండి తగిలిస్తే తిరిగి చూశాను. చూస్తానని చెప్పి చూడలేదు. ఆవిడ వేళ్ళు నావల్లే కాలాయి."

అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇంకేం కావాలమ్మా! గంట మోగనే లేదు. కట్టింది ఆవిడ. మనం గెలిచినట్టే!"

"మీరు మాట్లాడకుండా కూర్చుంటానన్నారు," అంది లాయరమ్మ.

తమ్ముడు అడ్డంగా చెయ్యి ఊపాడు. ఆ సైగ అక్కకీ తెలుసు. వద్దు. మిగతాది అమ్మాయి చెప్పింది. "ఆవిడ పేరు బయటికొస్తే ఆవిణ్ణి పంపించేస్తారు. కాలిన చేత్తో వెళ్తే ఇంకెక్కడా పని దొరకదు. నేను చెప్పను. ఎవర్నీ చెప్పనివ్వను."

"ఓరి నా తండ్రీ! నీ ఉద్యోగం పోతుంటే ఆవిడ ఒక్క ముక్కైనా అందట్రా?" అక్క అరిచింది. అరిచాక సిగ్గేసింది. అతని మొహంలో మొహం పెట్టి అరిచే గుమస్తాలకీ తనకీ తేడా ఏముంది? దుబాసీ అమ్మాయి ఆ అరుపుని కూడా పొల్లుపోకుండా సైగల్లోకి మార్చింది.

"లేదు. భయపడింది. అది నాకు తెలుసు," అన్నాడు తమ్ముడు.

అక్క లాయరమ్మ మీద పడింది. "మీరైనా చెప్పండమ్మా! వాడికి తెలీదు."

"ఆయన వద్దంటే నేను చెప్పకూడదండీ. కట్టిందెవరో చెప్పకుండా, గంట సంగతి మాత్రం కదపనిస్తారా?" అని ఆవిడ అడిగింది తమ్ముణ్ణే. అతను ఆలోచించి తలూపాడు. "అయితే చూద్దాం," అంది ఆవిడ.

చూద్దాం! ఆ మాట వినీ వినీ అక్క చెవులు తుప్పు పట్టిపోయాయి. ఇంటికెళ్ళాక వారం పాటు తమ్ముడితో మాట్లాడలేదు. అంటే వాడి మొహం చూడలేదని. కంచం వాడి ముందు టంగుమని పెట్టేది. పెట్టాక గుర్తొచ్చేది, ఆ టంగు వాడికి వినపడదని. కోపం చూపించుకోవడానికి కూడా నోచుకోలేదే అని కుమిలిపోయేది.

ఆదివారం వాడు బయల్దేరితే వెనకాలే వెళ్ళింది. సంఘం వాళ్ళైనా వాడికి బుద్ధి చెబుతారని ఆశ. ఒక బడి హాల్లో అందరూ చేరారు. బోలెడంత జనం, చప్పుడు మాత్రం కుర్చీలు జరగడం, కాళ్ళు నేలకి తాటించడం, నవ్వులు, అంతే. మధ్యలో తమ్ముడు నిలబడి ఏదో చెబుతున్నాడు. అందరూ కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. ఇంట్లో మూల కూర్చునే మనిషి ఇంతమందిని నవ్విస్తాడా అని అక్క తెల్లబోయింది.

"ఏం చెబుతున్నాడమ్మా?" అని దుబాసీ అమ్మాయిని అడిగింది.

"మీ గురించేనండీ. మీరు మైకు వైరు ఎలా పీకారో చేసి చూపిస్తున్నాడు."

నడుం మీద చెయ్యి పెట్టి, గడ్డం పైకెత్తి, అచ్చు తనే. అక్కకి నవ్వొచ్చింది, దాని వెనకే దుఃఖమూ వచ్చింది. అతను ఖాళీ అయ్యాక అమ్మాయిని మధ్యలో నిలబెట్టుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి తమ్ముణ్ణి పూర్తి మాటల్లో ఒక ప్రశ్న అడిగింది.

"గంట సంగతి నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పబోయాను. ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. ముందు తిని పడుకో అన్నావు. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాను. నాకు తెలుసులే అన్నావు. తర్వాత నువ్వు అందరికీ చెబుతూనే ఉన్నావు, ఇక నేనేం చెప్పను?"

అందులో దెప్పుడేమీ లేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. అక్క చీర చెంగుతో మొహం తుడుచుకుంది. వెళ్ళేముందు సంఘం పెద్ద వచ్చాడు. పుస్తకాలకి అట్టలు కట్టే ముసలాయన. లాయరమ్మ కార్మిక శాఖలో వేసిన కేసు విచారణ రోజు తామంతా వస్తామని, అతను ఒంటరివాడు కాదని అక్కకి చెప్పమని అమ్మాయికి సైగ చేశాడు. తన తమ్ముడు ఒంటరివాడు కాదని వేరేవాళ్ళు తనకి చెప్పాల్సి రావడం అక్కకి కష్టంగానే ఉంది, కానీ ప్రాణానికి హాయిగానూ ఉంది.

విచారణ కార్మిక శాఖ ఆఫీసులో, మేడ మీద. లిఫ్టు లేదు. అవునండీ, వికలాంగుల కేసు, చక్రాల కుర్చీలో లాయరు, విచారణ మేడ మీద! నలుగురు మోసుకొస్తారు లెమ్మన్నాడు గుమస్తా. "నేను బియ్యం బస్తాని కాదు," అని లాయరమ్మ మెట్ల కింద కదలకుండా కూర్చుంది. ఆఖరికి అధికారే విసుక్కుంటూ కిందికి దిగొచ్చి, పాత బీరువాల గదిలో బల్ల వేయించుకున్నాడు. సంఘం వాళ్ళంతా గుమ్మం నిండా నిలబడ్డారు.

"ఎందుకింతమంది? గోల చేస్తే బయటికి పంపించేస్తాను," అన్నాడాయన.

"గోల చెయ్యరు లెండి," అంది లాయరమ్మ.

లాండ్రీ ఓనరు, సూపర్‌వైజర్ వచ్చారు. వెనకాల చేతికి కట్టుతో పిన్ని. "గంట మోగింది సార్. లాండ్రీ అంతా విన్నారు, వీడొక్కడు తప్ప. మాకేం పగ లేదు, పాపం అనిపిస్తుంది కూడా. కానీ తోటివాళ్ళ ప్రాణాలు కూడా చూడాలి కదా," అన్నాడు ఓనరు. ఆ 'పాపం' వింటే అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. నువ్వు విన్నావా అని అధికారి పిన్నిని అడిగితే, ఆవిడ తల ఎత్తకుండానే, "ఏమో బాబూ, చెయ్యి కాలిన కంగారులో గుర్తులేదు," అంది. అక్క పళ్ళు పటపటలాడాయి. ఒక్క మాట చాలు. నాలుక చివరే ఉంది. తమ్ముడు తన వైపే చూస్తున్నాడు. కిక్కురుమనకుండా కూర్చుంది.

"ఆ గంట ఒకసారి మోగించి వినిపించమనండి," అంది లాయరమ్మ. "మావాళ్ళకి వినపడదనుకోండి, మీకు వినపడుతుంది కదా."

"దానికేం భాగ్యం, పక్క వీధే, రండి!" అన్నాడు ఓనరు ధీమాగా. అధికారికి భోజనాల వేళ దాటిపోతోంది. గొణుక్కుంటూనే బయల్దేరాడు. అందరూ వెనకాలే నడిచారు.

లాండ్రీలో ఆవిరి, ఉక్క, రోలర్ల హోరు. కొత్తగా పెట్టుకున్న ఇద్దరు మనుషులు దుప్పట్లు అందిస్తున్నారు. మిషన్లన్నీ ఆపించి, అధికారి సరిగ్గా గంట కింద నిలబడ్డాడు. సూపర్‌వైజర్ గాజు గదిలోకి వెళ్ళి మీట నొక్కాడు.

"నొక్కమనండి," అన్నాడు అధికారి.

"నొక్కాడు సార్."

"నొక్కితే మోగదేం?"

సూపర్‌వైజర్ మళ్ళీ నొక్కాడు. ఈసారి అందరూ తలెత్తి చూశారు. గంట చుట్టూ దిండు గలీబు ఒత్తుగా చుట్టి, పైన రెండు ముళ్ళు వేసి ఉంది. లోపల ఏదో కొట్టుకుంటున్నట్టు గుడ్డ కదులుతోంది, కాస్త దుమ్ము రాలుతోంది, చప్పుడు మాత్రం లేదు. ఇన్నాళ్ళూ అది అలాగే ఉంది. విప్పాల్సిన మనిషి చెయ్యి కాలి స్టూలెక్కలేదు. స్టూలు పట్టుకోవాల్సిన మనిషిని పనిలోంచి తీసేశారు. మిగతావాళ్ళకి తలెత్తి చూడాల్సిన అవసరమే రాలేదు, తప్పు వెయ్యడానికి ఒక చెవిటివాడు దొరికాడు కదా.

"గంట మోగిందన్నారు?" అన్నాడు అధికారి.

ఓనరు సూపర్‌వైజర్ని చూశాడు. సూపర్‌వైజర్ నేలని చూశాడు. అధికారి అక్కడికక్కడే నిలబడి రాయించాడు. ఈ మనిషిని రేపట్నుంచి పనిలోకి తీసుకోవాలి, ఇన్నాళ్ళ జీతం ఇవ్వాలి, గంటతోపాటు ఎర్రదీపం కూడా పెట్టాలి. అక్కకి అక్కడే ఎగిరి గంతెయ్యాలనిపించింది. దుబాసీ అమ్మాయి చేతుల్లో ఆ తీర్పు చూసి సంఘం వాళ్ళంతా చేతులు పైకెత్తి ఆడించారు. వాళ్ళ చప్పట్లు అవే.

"ఆగండాగండి," అన్నాడు అధికారి. "అసలీ గుడ్డ కట్టిందెవరు? కట్టినవాళ్ళని ఊరికే వదలడానికి వీల్లేదు."

పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు. సూపర్‌వైజర్‌కి ప్రాణం లేచొచ్చింది. "వీడే కట్టుంటాడు సార్! రోజంతా ఈ గంట కిందే ఉండేవాడు!"

అధికారి పెన్ను ఆపి తమ్ముడి వైపు తిరిగాడు. "నువ్వేనా?"

చేతికొచ్చిన ఉద్యోగం మళ్ళీ జారిపోయేలా ఉంది. తమ్ముడు గంటని చూశాడు, సూపర్‌వైజర్ని చూశాడు, తీరిగ్గా చేతులు కదిపాడు. అమ్మాయికి నవ్వాగలేదు. పెదవి కొరుక్కుని చెప్పింది.

"నేను చెవిటివాణ్ణని సూపర్‌వైజర్ గారే రాసిచ్చారు కదండీ. అది మోగితే నాకేంటి, మోగకపోతే నాకేంటి? చెవిటివాడు గంటకి గుడ్డెందుకు కడతాడు?"

కొత్తగా వచ్చిన కుర్రాళ్ళిద్దరూ ఫక్కున నవ్వారు. నవ్వాపుకోలేక అధికారి మూతి కూడా వంకర తిరిగింది. అయినా వదల్లేదు. అక్క వైపు తిరిగాడు.

"ఏమ్మా, తమ్ముడి సంగతుల్లో మీకు తెలియనిది లేదని మా ఆఫీసులో అందరికీ చెప్పారు కదా. ఇది ఎవరి పనో మీతో చెప్పాడా?"

అడగాల్సిన మనిషినే అడిగాడు. అక్క పిన్నిని చూసింది. ఆవిడ మొహం మీదే అనాలని నెలల తరబడి దాచుకున్న తిట్లన్నీ గొంతు దాకా వచ్చాయి. పిన్ని కట్టు ఉన్న చేతిని మంచి చేత్తో పట్టుకుని నిలబడింది. తమ్ముడు దుబాసీ అమ్మాయిని చూడ్డం లేదు. అక్క పెదవుల్నే చూస్తున్నాడు. ఆవిడ నోరు తెరిస్తే ఏమవుతుందో చిన్నప్పట్నుంచీ చూసినవాడు కదా, అతని మొహం పాలిపోయింది.

"వాడి మాట వాడు చెప్పాడు కదండీ," అంది అక్క. "మధ్యలో నేనెవర్ని?"

అధికారి వాచీ చూసుకుని, ముందా గుడ్డ తీయించండని ఓనరుకి చెప్పి, భోజనానికి వెళ్ళిపోయాడు. పిన్ని అక్కడే నేలమీద కూలబడి బావురుమంది. తమ్ముడు ఆవిడ భుజం తట్టి, దుబాసీ అమ్మాయి దగ్గరికొచ్చి, మా అక్క ఏమందని అడిగాడు.

అమ్మాయి చెప్పింది. అతను నమ్మలేదు. ఇంకోసారి చెప్పమన్నాడు.